హాల్ టికెట్ మీద కుంకుమ

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో పదో తరగతి చదువుతున్నాను. మా ఇంట్లో అందరం చర్చికి వెళతాం. మా బడిలో రోజూ ఉదయం అసెంబ్లీలో చేతులు జోడించి ‘సరస్వతీ నమస్తుభ్యం’, ‘గురుర్బ్రహ్మ’ చదవాలి. చిన్నప్పటి నుంచి అందరితో పాటు చదివాను, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. నిరుడు వేసవిలో యువజన కూడికలకు వెళ్ళి వచ్చాక నా మనసు మారింది. నమ్మని మాట నోటితో ఎందుకు అనాలి అనిపిస్తోంది. ఇప్పుడు నోరు కదపకుండా నిలబడుతున్నాను. పీఈటీ సారు అది చూసి ఒకరోజు నన్ను వేదిక మీదకు పిలిచి ఒక్కదాన్నే మైకులో చదవమన్నారు. చదివాను. దిగి వచ్చి ఏడ్చాను. వచ్చే నెల మా బడిలో సరస్వతీ పూజ. పదో తరగతి వాళ్ళ హాల్ టికెట్లు, పెన్నులు అమ్మవారి ముందు పెట్టి, వాటికి కుంకుమ అద్ది, ఒక్కొక్కరినీ పిలిచి బొట్టు పెట్టి ఇస్తారు. పూజకు రానివాళ్ళకు హాల్ టికెట్ ఇవ్వమని కరస్పాండెంట్ గారు మైకులో చెప్పారు. మా పాస్టరుగారు బొట్టు పెట్టించుకోవద్దు, ప్రసాదం ముట్టవద్దు అంటున్నారు. మా నాన్న ఆటో నడుపుతారు. ‘పరీక్షలయ్యే దాకా ఓర్చుకో, మన కాగితాల్లో హిందూ అనే ఉంది, గొడవ వద్దు’ అంటున్నారు. నా స్నేహితురాలు ‘ఒక్క రోజే కదా, లోపల మీ దేవుణ్ణి తలుచుకో’ అంటోంది. వెళితే నా దేవుడితో అబద్ధం ఆడినట్టు, వెళ్ళకపోతే నాన్నకు కష్టం తెచ్చినట్టు ఉంది. ఎవరి మాట వినను? ఊరి పేరు వేయకండి.

జవాబు: తల్లీ, ముందు హాల్ టికెట్ సంగతి తేల్చుకుందాం. ఆ భయం గుండెల మీద కూర్చుని ఉండగా మనసు గురించి, దేవుడి గురించి నేను ఎంత చెప్పినా నీ చెవికెక్కదు.

పదో తరగతి హాల్ టికెట్ మీ బడి ఇచ్చేది కాదు, ప్రభుత్వ పరీక్షల విభాగం ఇచ్చేది. నామినల్ రోల్‌లో, అంటే పరీక్ష రాసేవాళ్ళ పేర్లతో బడి పంపే జాబితాలో, నీ పేరు వెళ్ళి, పరీక్ష ఫీజు కట్టి, హాజరు సరిపోయి ఉంటే ఆ కాగితం నీది. పోస్టుమాన్ సంచిలో ఉత్తరం ఉన్నట్టు కొద్ది రోజులు బడి దగ్గర ఉంటుంది, అంతే. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పరీక్షల విభాగం వెబ్‌సైట్ నుంచి విద్యార్థులే నేరుగా దింపుకునే వీలు కల్పిస్తున్నారు. జిల్లా, బడి, పేరు, పుట్టిన తేదీ ఎంచుకుంటే నాన్న ఫోనులోనే కనిపిస్తుంది. ఫీజు బకాయి ఉందని హాల్ టికెట్లు ఆపే ప్రైవేటు బడులను విద్యాశాఖ అధికారులు పరీక్షల ముందు హెచ్చరించడం మనం పత్రికల్లో చూస్తూనే ఉంటాం. డబ్బు కోసమే ఆపకూడనిదాన్ని పూజ కోసం ఆపుతారా? ‘రాకపోతే ఇవ్వను’ అని మైకులో అనడం తేలిక. అదే మాట కాగితం మీద రాసి, సంతకం చేసి, బడి ముద్ర వేసి ఇవ్వమంటే ఏ కరస్పాండెంటూ ఇవ్వడు.

కాబట్టి పరీక్ష ఎక్కడికీ పోదు. ఇక నింపాదిగా మాట్లాడుకుందాం.

నేను ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పి రిటైరైన మనిషిని. మా ఇంట్లో శ్రీపంచమికి సరస్వతీ పూజ చేసుకుంటాను. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, నేను చెప్పబోయేది నీ మతం పక్షానో, మీ బడి మతానికి ఎదురుగానో చెబుతున్నదని నువ్వు అనుకోకూడదు. వేదిక మీద జరిగినదానికి నీకు నువ్వే శిక్ష వేసుకుంటున్నావు. వందల మంది చూస్తుండగా ఒక పెద్దమనిషి మైకు చేతిలో పెట్టి చదవమంటే పదిహేనేళ్ళ పిల్ల చదివింది. అందులో నువ్వు ఆడిన అబద్ధం ఏమీ లేదు. తప్పంతా ఆయనది. దేవుడి పేరు చెప్పించి పిల్లను అవమానించడం ఏ పూజ కిందికి వస్తుందో ఆయన్నే అడగాలి. ఆ శ్లోకం నీకు నోటికి రావడం కూడా తప్పు కాదు. తెలుగు వాచకంలో పోతన పద్యం వస్తే చదువు, అప్పజెప్పు, భావం రాయి, మార్కులు తెచ్చుకో. అది చదువు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి కబురు పంపాడు. ఆ కబురు వింటూ ఎన్నో తరాల తెలుగువాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. శివుడి పేరు తలిచినందుకు ఆయన జాషువా కాకుండా పోలేదు.

పాఠం చదవడం వేరు, పూజ చేయడం వేరు. ఈ తేడా నేను కనిపెట్టింది కాదు, మన రాజ్యాంగంలో ఉన్నదే. 28వ అధికరణంలో మూడో క్లాజు చూడు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ సాయం తీసుకుంటున్న ఏ విద్యాసంస్థలోనైనా సరే, అక్కడ జరిగే మతబోధలో పాల్గొనాలని గానీ, ఆరాధనకు హాజరు కావాలని గానీ ఎవరినీ నిర్బంధించకూడదు. తాను ఒప్పుకుంటే వేరే మాట. మైనరైతే సంరక్షకుడు ఒప్పుకోవాలి. నిన్ను పరీక్షకు పంపుతున్న బడికి గుర్తింపు ఉండే తీరాలి కనుక ఇది మీ బడికీ వర్తిస్తుంది. హిందూ ట్రస్టు నడిపినా, క్రైస్తవ సంఘం నడిపినా, ముస్లిం సంస్థ నడిపినా తేడా లేదు. కాన్వెంటులో మా పిల్లను రోజూ ప్రేయరులో మోకరించమంటున్నారు, బొట్టు తుడుచుకుని రమ్మంటున్నారు అని బాధపడుతూ నాకు రాసిన తల్లులు ఉన్నారు. మోకరింపు విషయంలో వాళ్ళకు చూపించిందీ ఈ మూడో క్లాజునే. ఆ రోజు ఆ తల్లుల పక్షాన మాట్లాడి, ఈ రోజు నీకు సర్దుకుపో అని చెబితే నా మాటకు విలువేముంది?

‘ఇది మతం కాదు, సంస్కృతి’ అని మీ బడివాళ్ళు అంటారు. కాన్వెంటులో ఇదే మాటను ‘ఇది మతం కాదు, నైతిక విద్య’ అంటారు. ఉదయం చదివే శ్లోకం దగ్గర ఈ వాదానికి కొంత చోటుందని ఒప్పుకుంటాను. కేంద్రీయ విద్యాలయాల్లో ‘అసతో మా సద్గమయ’ చదివించడం మీద సుప్రీంకోర్టులో కేసు పడితే, ఇద్దరు న్యాయమూర్తులు అది రాజ్యాంగ ధర్మాసనం తేల్చవలసిన ప్రశ్న అని 2019 జనవరిలో పైకి పంపారు. అంటే పెద్దవాళ్ళకే అది చప్పున తేలే విషయం కాదు. కానీ విగ్రహం ముందు హారతి, నుదుట కుంకుమ, చేతిలో ప్రసాదం ఉన్నచోట అది పూజ కాదంటే, రోజూ పూజ చేసుకునే నాకే నవ్వొస్తుంది. పూజ చేసుకోండి, నిక్షేపంగా చేసుకోండి, కానీ దాన్ని పూజ అనే పిలవండి.

నోరు కదపకుండా నిలబడటం పొగరు అని మీ పీఈటీ సారు అనుకుని ఉండవచ్చు. కేరళలో ముగ్గురు తోబుట్టువుల కథ ఆయనకు తెలిసి ఉండదు. కొట్టాయం జిల్లాలో ఒక బడిలో పది, తొమ్మిది, ఐదు తరగతులు చదువుతున్న పిల్లలు వాళ్ళు. యెహోవా సాక్షుల శాఖకు చెందిన కుటుంబం. జాతీయ గీతం వస్తే లేచి మర్యాదగా నిలబడేవారు, పాడేవారు కాదు. తమ దేవుడికి తప్ప మరి దేనికీ స్తుతి పాడకూడదని వాళ్ళ నమ్మకం. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1985లో ఒక శాసనసభ్యుడి కంటపడి, శాసనసభలో ప్రశ్న అయింది. విచారణ సంఘం వచ్చి చూసి, పిల్లలు బుద్ధిమంతులనీ గీతాన్ని అగౌరవపరచలేదనీ రాసింది. అయినా ఆ జూలై 26న వాళ్ళను బడి నుంచి తీసేశారు. హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టు 1986 ఆగస్టు 11న పిల్లలను తిరిగి చేర్చుకోమని తీర్పు ఇచ్చింది. బిజో ఇమ్మాన్యుయేల్ కేసు అంటారు దాన్ని. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి మన తెలుగువాడే. ఒక నమ్మకం మన బుద్ధికి సబబుగా తోస్తోందా లేదా అన్నది కాదు ప్రశ్న, ఆ మనిషి దాన్ని నిజంగా, మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడా అన్నదే ప్రశ్న అని అందులో ఉంది. మన సంప్రదాయం, మన తత్త్వం, మన రాజ్యాంగం సహనాన్ని నేర్పాయని, దాన్ని పలచన చేయవద్దని చివర్లో ఆయన కోరాడు.

ఆ పిల్లలను కాపాడింది వాళ్ళు లేచి నిలబడటం. పాడకపోవడం వాళ్ళ నమ్మకం, నిలబడటం ఎదుటివాళ్ళకు ఇచ్చిన మర్యాద. నువ్వు అసెంబ్లీలో చేస్తున్నదీ అదే. మానకు. చేతులు కట్టుకుని వెక్కిరింపుగా కాకుండా, పక్కవాళ్ళతో గుసగుసలాడకుండా, తల దించుకోకుండా నిలబడు. జాతీయ గీతానికి నీకు అభ్యంతరం లేదు కదా, దాన్ని గొంతెత్తి పాడు.

ఇప్పుడు మీ నాన్న. రాజ్యాంగంలో ‘మైనరైతే సంరక్షకుడు’ అన్న ముక్క ఉంది చూశావా, దాని వల్ల నీ బడిలో నీ మాట కంటే మీ నాన్న సంతకానికే బరువు ఎక్కువ. పదిహేనేళ్ళ పిల్లకు సొంత మనస్సాక్షి ఉండదా అని నాకూ ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది. ఇంట్లో తల్లిదండ్రులది ఒక నమ్మకం, పిల్లలది మరొకటి అయినచోట ఈ నియమం పిల్లలకు ఏమీ చేయలేదు. నీ అదృష్టం కొద్దీ మీ నాన్నదీ నీదీ ఒకటే దేవుడు. ఆయన భయపడుతున్నారు, అంతే. ఆ భయాన్ని పిరికితనం అనుకుంటే మాత్రం పొరపాటు.

‘కాగితాల్లో హిందూ అనే ఉంది’ అన్న ఒక్క మాటలో ఆయన చాలా చెప్పారు. మీ కులం ఏమిటో నువ్వు రాయలేదు, నేను అడగను. అందరికీ వర్తించే సంగతి చెబుతాను. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు లేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళను మన రాష్ట్రాల్లో వెనుకబడిన తరగతుల్లో ‘సి’ గ్రూపు, అంటే బీసీ-సీ కింద ఒక శాతం కోటాలో చేర్చారు. అందుకే ఆదివారం చర్చికి వెళ్ళే ఎన్నో కుటుంబాలు బడి రిజిస్టరులో మతం అన్న గడి దగ్గరికి వచ్చేసరికి తలుపు వేసుకున్నట్టు మాట్లాడవు. కూతురు బడిలో మతం గురించి గొడవపడితే ఆ గడి మీద ఎవరి కన్ను పడుతుందో అని తండ్రి భయం. ఈ ముడి మీ నాన్న వేసింది కాదు, నువ్వు విప్పేదీ కాదు. నిన్ను కాపాడటానికి ఆయన మౌనంగా మోస్తున్న బరువు అది. సలహా కావాలంటే కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయసహాయం చేస్తారు. ఆ పని పెద్దవాళ్ళు పరీక్షల తరువాత తీరిగ్గా చూసుకోవచ్చు.

ప్రస్తుతానికి మీ నాన్నకు చెప్పవలసింది ఒక్కటే. 28వ అధికరణం ఆయన్ను కారణం అడగదు. మీది ఏ మతం అని అడగదు. సమ్మతి ఉందా లేదా అన్నంతవరకే. పూజ చేసుకునే ఇంటివాళ్ళు కూడా మా పిల్లకు వద్దు అని రాసి ఇవ్వవచ్చు, ఏ దేవుణ్ణీ నమ్మని ఇంటివాళ్ళూ రాసి ఇవ్వవచ్చు. కాబట్టి ఆయన రాసే కాగితంలో మతం పేరు ఉండనవసరం లేదు. ఇది దాచడం కాదు, అడగనిది చెప్పకపోవడం. ఎవరైనా నిన్ను నిలదీసి అడిగితే ‘ఆ విషయం మా నాన్నగారితో మాట్లాడండి సార్’ అను, చాలు.

ఆదివారం బడిలో నువ్వు దానియేలు కథ వినే ఉంటావు. దానియేలు అనగానే అందరికీ సింహాల గుహ గుర్తొస్తుంది, అతని స్నేహితులు అనగానే అగ్నిగుండం. నాకు మటుకు మొదటి అధ్యాయం ఇష్టం, ఎందుకంటే అందులో వాళ్ళు నలుగురూ విద్యార్థులు. యెరూషలేము నుంచి చెరపట్టి తెచ్చి, బబులోను రాజుగారి కొలువులో మూడేళ్ళ చదువులో చేర్చారు. పరాయి భాష నేర్చుకోమన్నారు, నేర్చుకున్నారు. పరాయి శాస్త్రాలు చదవమన్నారు, చదివారు. పేర్లు కూడా మార్చేశారు. దానియేలుకు బెల్తెషాజరు అని పెట్టారు, బబులోను దేవుడి పేరు కలిసేలా. దానికీ అతను పేచీ పెట్టలేదు. రాజుగారి భోజనం, ద్రాక్షారసం దగ్గర మాత్రం ఆగాడు. ఆగి ఏం చేశాడు? పళ్ళెం విసిరికొట్టలేదు. అధికారి దగ్గరికి వెళ్ళి, పుచ్చుకోకుండా ఉండే వీలు కల్పించమని వేడుకున్నాడు. ఆయన ‘రాజుగారికి తెలిస్తే నా తల పోతుంది’ అని భయపడ్డాడు. అప్పుడు దానియేలు తమ మీద నియమించిన మనిషితో ‘పది రోజులు మాకు శాకధాన్యాదులు, నీళ్ళు ఇచ్చి చూడండి, తరువాత మీ ఇష్టం’ అన్నాడు. ఎదుటివాడి తల పోకుండా తన నియమం నిలబెట్టుకునే దారి తనే వెతికి ఇచ్చాడు.

నీకు నేను చెప్పదలచుకున్నదంతా ఆ కుర్రాడు చేసి చూపించాడు. అన్నిచోట్లా గీత గీయకు. ఎక్కడ గీయకపోతే నీకు నిద్రపట్టదో అక్కడ గీయి. గీసిన సంగతి ముందుగా చెప్పు. ఎదుటివాళ్ళకు ఒక వీలు చూపించి చెప్పు. మీ కరస్పాండెంట్ గారికీ ఆయన రాజులు ఆయనకు ఉంటారు: ట్రస్టు సభ్యులు, విరాళాలు ఇచ్చేవాళ్ళు, ‘ఆ అమ్మాయికి మినహాయింపు ఎందుకు ఇచ్చారు’ అని అడిగే తల్లిదండ్రులు. ఆయన పరువు పోకుండా నీకు అనుకూలం చేసే దారి ఉంటే ఆయన కూడా అదే పట్టుకుంటాడు.

పాస్టరుగారు చెప్పినది నేను కొట్టిపారేయను. బొట్టు, ప్రసాదం విషయంలో మీ సంఘం బోధ ఏమిటో ఆయనకు తెలుసు, నాకు తెలియదు. విగ్రహాలకు అర్పించిన ఆహారం గురించి కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఎనిమిదో అధ్యాయమంతా ఉంది. దాన్ని ఆయన దగ్గర కూర్చుని చదివించుకో. మనస్సాక్షి గురించి అందులో పౌలు చెప్పినది ‘ముట్టు, ముట్టవద్దు’ అన్న రెండు మాటల్లో ఇమిడేది కాదు. ఇంకొక సాయం కూడా అడుగు. పూజ రోజున నిన్ను ఒంటరిగా పంపి నిలబెట్టడం కాదు, ఆలోగా ఆయనే ఒకసారి మీ ఇంటికి వచ్చి మీ నాన్నకు ధైర్యం చెప్పాలి. బడికి మాత్రం ఆయన రావద్దు. పాస్టరు బడి మెట్లెక్కితే ఒక ఇంటి విన్నపం కాస్తా ఊళ్ళో రెండు మతాల తగువు అవుతుంది. కూడికల్లో వినిపించే ‘అన్యులు’ అన్న మాటను కూడా బడి గేటు బయటే వదిలి రా. నీ పక్క బెంచీలో కూర్చుని నీకు లెక్కల నోట్సు ఇచ్చే పిల్ల నీకు అన్యురాలు కాదు.

ఆ పిల్ల సలహా కూడా ప్రేమతో ఇచ్చినదే. చాలామంది అలాగే బతుకుతారు, వాళ్ళను నేను తప్పుపట్టను. నీ వయసులో ఇంకొక అమ్మాయి అదే ప్రశ్న వేసి, తనకు అంత పట్టింపు లేదని రాస్తే, ‘వెళ్ళి కూర్చో, పులిహోర తిని రా’ అని ఉండేదాన్ని. కానీ నువ్వు ఏడ్చావు. ఒకసారి మైకు ముందు ఏడిపించినదే ఇంకొకసారి కెమెరా ముందు జరిగితే, ఆ బాధతో నువ్వు పరీక్షలకు కూర్చోవాలి. అది నాకు ఇష్టం లేదు.

ఆ రోజు ఎలా జరుగుతుందో ఊహించుకో. పొద్దున్నే లంగావోణీల్లో అమ్మాయిలు వస్తారు. హాలులో బల్ల మీద పసుపు గుడ్డ, దాని మీద ఫోటో, బంతిపూల దండ, కట్టలు కట్టిన పెన్నులు, సెక్షను వారీగా హాల్ టికెట్లు. కొబ్బరికాయ కొడతారు, హారతి ఇస్తారు. తరువాత హెడ్మాస్టరు పేర్లు పిలుస్తుంటే ఒక్కొక్కరూ వెళ్ళి, మేడం చేత బొట్టు పెట్టించుకుని, కరస్పాండెంట్ కాళ్ళకు దండం పెట్టి, హాల్ టికెట్ అందుకుని ఫోటో దిగుతారు. నీ పేరు పిలుస్తారు. మేడం చేయి నీ నుదుటి దాకా వస్తుంది. అప్పుడు నువ్వు ‘వద్దు మేడం’ అంటే ఆవిడ మొహం ఎలా అవుతుందో, వెనక వరసలో ఉన్నవాళ్ళు ఏమంటారో, ఫోటోగ్రాఫర్ ఏం చేస్తాడో ఆలోచించు. అక్కడ వద్దనడం నీ హక్కే కావచ్చు, కానీ వాళ్ళ పూజ మధ్యలో నిలబడి వద్దన్నట్టు ఉంటుంది. భక్తితో వచ్చిన నీ స్నేహితురాళ్ళకు అది ముల్లులా గుచ్చుకుంటుంది. ముందే చెప్పి ఆ పూటకు వెళ్ళకపోవడమే అన్ని విధాలా మర్యాద. హాల్ టికెట్ నాన్న ఆఫీసులో తీసుకుంటారు. మధ్యాహ్నం వీడ్కోలు భోజనం, గ్రూపు ఫోటో విడిగా ఉంటే అప్పుడు వెళ్ళు, అందరితో కలిసి నవ్వు, ఆటోగ్రాఫులు రాయించుకో. ప్రసాదం వడ్డిస్తే ‘నాకు వద్దే, నువ్వు తిను’ అని పక్క పిల్ల ఆకులో వేయి. పదో తరగతి పిల్లల్లో ఎవరూ దానికి బాధపడరు.

మీ నాన్న రాయవలసిన కాగితం ఇలా ఉంటే చాలు:

‘గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి. మా అమ్మాయి మీ పాఠశాలలో పదో తరగతి చదువుతోంది. మా మనస్సాక్షి రీత్యా, పాఠశాలలో జరిగే పూజల్లో, ప్రార్థనల్లో ఆమె పాల్గొనడానికి తండ్రిగా నేను సమ్మతి ఇవ్వడం లేదు. ఆమె రోజూ సమయానికి అసెంబ్లీకి వచ్చి మర్యాదగా నిలబడుతుంది, జాతీయ గీతం పాడుతుంది. శ్లోకాలు చదవమని మాత్రం ఒత్తిడి చేయవద్దని మనవి. పూజ జరిగే పూట ఆమె బడికి రాదు. హాల్ టికెట్ ఆఫీసులో నాకు ఇప్పించగలరు. మా అమ్మాయికి చదువు చెప్పిన ఉపాధ్యాయులందరికీ మేము కృతజ్ఞులం.’

రెండు ప్రతులు రాయించు. ఒకటి బడికి, రెండోదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోవాలి. అమ్మానాన్నలు ఇద్దరూ కలిసి వెళ్ళడం మంచిది. పీఈటీ సారుతోనో, క్లాసు టీచరుతోనో కాకుండా నేరుగా హెడ్మాస్టరుతో మాట్లాడాలి. అసెంబ్లీ అయిన వెంటనే హడావిడిలో కాకుండా, ఒంటి గంట లోపు ఆయన గదిలో తీరికగా ఉన్నప్పుడు. మొదటిసారి వెళ్ళినప్పుడు అధికరణం నంబరు, సుప్రీంకోర్టు పేరు ఎత్తవద్దని నాన్నకు చెప్పు. తెలిసి ఉంటే చాలు, తెలిసినట్టు కనబడితే ఎదుటివాళ్ళు బిగుసుకుంటారు. మైకు సంగతి కూడా అప్పుడే చెప్పమను, ఫిర్యాదులా కాకుండా: ‘ఆ రోజు పిల్ల ఇంటికొచ్చి చాలా ఏడ్చిందండి, మళ్ళీ అలా జరగకుండా చూడండి’ అని. నీ ఉత్తరం చూస్తే మీ హెడ్మాస్టరుకు ఆ విషయం తెలియదేమో అనిపిస్తోంది. తెలిస్తే ఆయనే పీఈటీ సారును పిలిచి మాట్లాడవచ్చు.

చాలాచోట్ల ఇంతటితో సరిపోతుంది. కాగితం తీసుకోను అన్నా, హాల్ టికెట్ ఆపుతాం అన్నా, అప్పుడు అదే కాగితం నకలు మండల విద్యాధికారికి, జిల్లా విద్యాశాఖాధికారికి ఇవ్వాలి. అందులో 28వ అధికరణం మూడో క్లాజు అని రాయాలి. నిన్ను మళ్ళీ అందరి ముందు నిలబెట్టి అవమానిస్తే 1098కి నువ్వే ఫోను చేయవచ్చు, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల కోసమే ఉన్న నంబరు అది. ఇంత దాకా రాకూడదనే నా కోరిక. వస్తే మాత్రం వెనక్కి తగ్గమని చెప్పను.

నాన్న అయినా సంతకం చేయనంటే? అప్పుడు ఆయనతో పోట్లాడకు. పూజ రోజున వెళ్ళు, వెనక వరసలో కూర్చో, హారతికి అందరూ లేస్తే లే. ముందురోజే మేడం దగ్గరికి ఒంటరిగా వెళ్ళి ‘మేడం, రేపు నాకు బొట్టు పెట్టకుండా టికెట్ మాత్రం ఇవ్వండి, ఎవరికీ తెలియనివ్వను’ అని అడుగు. తెలుగు మేడం అయితే ఇంకా మంచిది. ఆడపిల్ల కళ్ళలో నీళ్ళు చూసి కాదనే టీచర్లు తక్కువ. ఒకవేళ బొట్టు పెట్టేశారే అనుకో, ఇంటికొచ్చి మొహం కడుక్కుని లెక్కల పుస్తకం తీయి. తండ్రి మాట కోసం తలవంచిన కూతురిని మీ దేవుడు ఏమీ అనడని మీ పాస్టరుగారు కూడా ఒప్పుకుంటారు.

హాల్ టికెట్ చేతికి రాగానే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మీడియం, సబ్జెక్టులు, ఫోటో సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకో. తప్పు ఉంటే ఆ రోజే హెడ్మాస్టరుకు చెప్పాలి, పరీక్ష ముందురోజు చెబితే ఎవరూ ఏమీ చేయలేరు. పరీక్ష కేంద్రం ఎక్కడో నాన్న ఆటోలోనే ఒకసారి ముందుగా వెళ్ళి చూసి రండి.